నూటపదిహేడున్నర కిలోమీటర్లు

చనిపోయిన పెద్దలకు అన్నం పెట్టే తై అమావాస్య నాడు పొద్దున పదిన్నర దాటి రెండు నిమిషాలకు మరగతం నడుముకు దోపుకున్న ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆమె మిద్దె మీద పావురాల గూళ్ల ముందు కూచుని నీళ్ల తొట్టి కడుగుతోంది. ఒకసారి మోగి ఊరుకుంటుందిలే అనుకుంది. ఊరుకోలేదు, వరసగా పదిహేను సార్లు మోగింది. చెయ్యి చీరకు తుడుచుకుని చూస్తే పావురాల సంఘం వాట్సాప్ గుంపులో అన్నీ చప్పట్ల బొమ్మలు, పూలదండల బొమ్మలు. చెన్నై సైదాపేటలో ఉండే కలైయరసన్ పావురం నాగపూర్ నించి ఇల్లు చేరింది. సరిగ్గా పదిన్నరకు చేరింది. ఈ ఏడాది పందెంలో ఇల్లు చేరిన మొదటి పావురం అదే.

పక్కింటి మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న అముద పిట్టగోడ మీంచి వంగి చూసింది.

"ఏందక్కా, ఆ మొఖం? మన పావురం ఏమన్నా అయిందా?"

"మనది ఇంకా రాలేదు. మద్రాసోడిది వచ్చేసింది."

"ఐయో. అంటే అయిపోయినట్టే కదా?"

మరగతం లేచింది. గూటి తలుపు వెనక మేకుకు తగిలించిన పాత క్యాలెండరు కాగితం తీసి, వెనక్కి తిప్పి, పెన్సిలుతో లెక్క వెయ్యడం మొదలుపెట్టింది. చదివింది ఎనిమిదో క్లాసు. అయినా గుణకారం, భాగహారం ఆమెకెప్పుడూ తప్పలేదు. రెండు సార్లు వేసింది. రెండు సార్లూ ఒకటే వచ్చింది.

"అయిపోలేదు అముదా. పన్నెండూ ఇరవయ్యారు దాకా నాకు టైముండాది."

"అదెట్టా? ఆయప్పది ముందే వచ్చేసింది గదా."

ఎవరికైనా అలాగే తోస్తుంది. ముందు ఇల్లు చేరినవాడే గెలిచినవాడని బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ పావురాల పందెంలో ఇళ్లన్నీ ఒక చోట ఉండవు. అన్ని పావురాలనూ ఒకే పొలంలో, ఒకే నిమిషాన వదులుతారు. ఒక్కొక్కటీ దాని గూటికి అది పోతుంది. వదిలిన చోటి నించి ఒక్కో గూటికి గాలిలో తిన్నగా ఎంత దూరమో ముందే కొలిచి పట్టిక రాస్తారు. ఆ దూరాన్ని పట్టిన నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని మీటర్లు ఎగిరిందో తేలుతుంది. గెలుపు ఆ మీటర్లదే. కలైయరసన్ గూటికి తొమ్మిదివందల ఐదు కిలోమీటర్ల నాలుగువందల మీటర్లు. పుదుచ్చేరి మూలకుళంలో మరగతం మిద్దెకు వెయ్యీ ఇరవై రెండు కిలోమీటర్ల తొమ్మిదివందల మీటర్లు. అంటే ఆమె పావురానికి నూటపదిహేడున్నర కిలోమీటర్ల దారి ఎక్కువ. కలైయరసన్ పావురం వేగంతో ఆ ఎక్కువ దారికి పట్టేది గంటా యాభయ్యారు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. పదిన్నరకు అది కలుపుకుంటే పన్నెండు గంటల ఇరవయ్యారు నిమిషాలు దాటి ఇంకొంచెం. ఆ లోపల వస్తే గెలుపు మరగతానిది. ఒక్క నిమిషం దాటినా అతనిది.

ఇది అముదకు చెప్పింది. అముద తడి లుంగీని అలాగే చేతిలో పట్టుకుని విని, "నాకు తల తిరుగుతా ఉండాదక్కా. ఇరవయ్యారు అన్నావు చూడు, అది మాత్రం గెట్టిగా పట్టుకుంటా," అంది.

మరగతానికి ఈ పందెం ఒక సరదా మాత్రమే అయితే ఆ లెక్క రెండు సార్లు వేసేది కాదు. పోయిన నెల సైదాపేటలో జరిగిన సంఘం మీటింగులో ముప్పై మంది మగవాళ్ల మధ్య తనొక్కతే ఆడమనిషి. కలైయరసన్ లేచి, "పుదుచ్చేరిలో ఉండేది ఒకటే గూడు. ఆ ఒక్క గూటికోసం పట్టికలో వేరే గీత, వేరే లెక్క. ఏడేళ్లలో నాగపూర్ నించి ఆ గూటికి వేళకు చేరిన పావురం ఒక్కటీ లేదు. ఇది నాగపూర్–చెన్నై పందెం. చెన్నై వాళ్లమే ఆడుకుందాం. మరగతం అక్క ఎప్పుడైనా చూడ్డానికి రావచ్చు, టీ తాగి పోవచ్చు," అన్నాడు. అందరూ నవ్వారు.

అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. ఏడేళ్లలో ఆమె నాగపూర్‌కు పంపినవి పదకొండు. ఐదు తిరిగి రానే లేదు. మిగిలినవి మూడో రోజో నాలుగో రోజో, రెక్కలు వేలాడేసుకుని వచ్చాయి. కానీ ఆ నవ్వు ఆమెకు కడుపులో మండింది.

"ఈ ఏడు నా పావురం ఫస్టు వస్తే?" అని అడిగింది.

"వస్తే పందెం పేరే నాగపూర్–పుదుచ్చేరి అని మార్చేద్దాం అక్కా! రాకపోతే మీ గూడు పట్టికలోంచి తీసేద్దాం. సరేనా?"

"రాసుకోండి," అంది మరగతం.

సంఘం సెక్రటరీ నటేశన్ పెద్దమనిషి. ఎగతాళికి అన్నారా నిజంగా అన్నారా అని ఇద్దరినీ రెండేసి సార్లు అడిగి, రెండు మాటలూ మినిట్సు పుస్తకంలో రాసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాడు.

ఈసారి ఆమె పంపింది ఒక్కటే. మూడేళ్ల ఆడపావురం. కాలికున్న కడియం మీది చివరి అంకెలు నూటపదమూడు. దాని పేరు కూడా అదే అయిపోయింది. అత్త అంబుజం మాత్రం దాన్ని "ఆ బూడిదది" అంటుంది. నిన్న పొద్దున ఏడు గంటలకు నాగపూర్ అవతల పొలంలో బుట్టల తలుపులు తీశారు. మొన్ననే వదలాల్సింది, మంచు దట్టంగా ఉండి లారీ ఒక రోజు ఆగింది. అందుకే ఇది వచ్చి వచ్చి అమావాస్య మీద పడింది. సాయంత్రం ఆరు నించి తెల్లవారి ఆరున్నర దాకా పావురం ఎగరదు గనక ఆ గంటలు లెక్కలోకి రావు. నిన్న పదకొండు గంటల ఎగురుడు. ఈ పొద్దు ఆరున్నర నించి మళ్లీ మొదలు.

నిన్నంతా మరగతం ఏ పని చేస్తున్నా మనసు దాని రెక్కల కిందే ఉంది. పదకొండు గంటలకు గోదావరి దాటి ఉంటుంది. మూడున్నరకు కృష్ణ. చీకటి పడే వేళకు నల్లమల తూర్పు అంచున ఏ చెట్టు మీదో, ఏ రాతి సందులోనో ఒదిగి ఉంటుంది. ఈ పొద్దు లేవగానే పెన్న. తన ముత్తాతల ముత్తాతలు ఆ నేల మీద నించే వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. మరగతం ఆ నదుల్లో ఒక్కదాన్నీ చూడలేదు. ఉసిరికాయంత బుర్రలో ఇంత దారి ఎవరు రాసి పెట్టారు స్వామీ అని ఆమె చాలాసార్లు అనుకుంది. చదువుకున్న వాళ్లు సూర్యుడంటారు, భూమిలో అయస్కాంతమంటారు. ఉండొచ్చు. మరి ఆ అయస్కాంతాన్ని పెట్టిందెవరు అని అడిగితే నవ్వి ఊరుకుంటారు.

లెక్క కాగితం మడిచి మరగతం కిందికి దిగింది. వంటింట్లో అంబుజం పొయ్యి ముందుంది. తెల్లవారి నించి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. గుమ్మడికాయ కూర, అరటికాయ వేపుడు, పప్పు, పాయసం అయ్యాయి. వడలు నూనెలో వేగుతున్నాయి. గోడకు మామగారి పటం, పటానికి సంపంగి దండ. మరగతం మొగుడు ఇరుసప్పన్ నీళ్ల శాఖలో పంపు ఆపరేటరు. ఈ పొద్దు సెలవు పెట్టి తండ్రికి తర్పణం వదలడానికి సముద్రానికి పోయాడు.

"అత్తా, ఒక మాట."

"వడ తిరగెయ్యి. మాట తర్వాత చెప్పొచ్చు."

మరగతం వడ తిరగేసింది. "కాకికి అన్నం పన్నెండున్నరకు పెడదామా ఈ పొద్దు?"

అంబుజం తల తిప్పి చూసింది. "ఎందుకు?"

"పావురం వచ్చే వేళ. మిద్దె మీద కాకులుంటే అది దిగదు. కాకుల్ని చూస్తే దానికి ప్రాణం పోతాది."

"ఏమే, ఏం మాట్లాడతా ఉండావు నువ్వు? ఏడాదికొక తై అమావాస్య. ఆయన యాడ ఉండాడో, ఎంత దూరం నించి వస్తాడో. వచ్చి ఆకలితో గోడ మీద కూచుంటే, ఉండయ్యా, నా కోడలి పావురం తినేదాకా నువ్వు తినగూడదు అని చెప్పమంటావా?"

"తినేదాకా కాదత్తా, దిగేదాకా. పన్నెండూ ఇరవయ్యారు."

"పన్నెండుకు ఆకు వెయ్యాల. మా అత్త అట్టా వేసింది, నేను అట్టా వేస్తా ఉండా. నీకు ఇష్టమైతే నీ కోడలికి నువ్వు మార్చి చెప్పుకో."

"నాకు కోడలు యాడ ఉండాది? ఉండేది పావురాలే."

"వాటికే చెప్పుకో పో."

మరగతం ఇంకో వడ తిరగేసింది. అత్త మాటలో తప్పు కూడా ఆమెకు కనబడలేదు. మామగారంటే ఆమెకూ ప్రేమే. పెళ్లయి వచ్చిన ఏడు, కురుచికుప్పంలో పుట్టింటి మిద్దె మీది రెండు జతల పావురాలను బుట్టలో పెట్టుకుని వస్తే, వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. ఆయన మాత్రం మిద్దె మీదికి మొదటి గూడు తనే చేసి ఇచ్చాడు. ఆయనకు అన్నం ఆలస్యం చెయ్యమని అడగడానికి ఆమెకే నోరు రాలేదు. అడిగింది, అంతే.

ఒక్కటే అర్థం కాలేదు. నాగపూర్ నించి మూలకుళానికి ఎంత దూరమో, ఎన్ని నిమిషాల దారో సంఘం పట్టికలో రాసి ఉంది. పెద్దలుండే చోటు నించి ఈ పిట్టగోడ మీదికి ఎంత దూరం? ఎన్ని గంటలు? ఏ పంచాంగంలోనూ రాయలేదే. అంత దూరం రాగలిగిన వాళ్లు ఇరవయ్యారు నిమిషాలు ఆగలేరా? ఆలోచన వచ్చినందుకు మనసులోనే లెంపలేసుకుని మిద్దె ఎక్కింది.

పన్నెండు కొట్టే వేళకు ఇరుసప్పన్ తడి పంచెతో సముద్రం నించి వచ్చాడు. వస్తూనే, "ఆకలి చంపతా ఉండాది. ఆకు వేసినారా?" అని అడిగాడు. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. అంబుజం అరటాకు ముక్కలో అన్నం, పప్పు, ఒక వడ, చెంచాడు పాయసం పెట్టుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, పిట్టగోడ మీద పెట్టి, చుట్టూ నీళ్లు తిప్పింది.

"కా... కా... కా..."

ఒక్క కాకి రాలేదు.

వీధిలో ప్రతి మిద్దె మీదా ఆకులే. పొద్దున పది నించి తిని తిని కాకులకు కదిలే ఓపిక లేదు. ఎదురు వీధిలో కరెంటు తీగ మీద పాతిక దాకా వరసగా కూచుని, పెళ్లి భోజనం అయిన మగపెళ్లివారిలాగా ఇటు చూస్తున్నాయి.

"కా... కా... రావయ్యా, రా..."

"అమ్మా, నాన్నకు ఆకలి లేదేమో ఈ పొద్దు," అన్నాడు ఇరుసప్పన్.

"నీకు లేకపోతే చెప్పు, నీ ఆకు ఎత్తేస్తా."

"నాకు శానా ఉండాది."

మరగతం వాళ్ల మాటలు వింటూనే ఉత్తరం వైపు చూపు నిలిపింది. పన్నెండూ పది. పన్నెండూ పన్నెండు. గుంపులో కలైయరసన్ స్వీటు పంచుతున్న ఫోటో వచ్చింది. దాని కింద, "పుదుచ్చేరి వార్తేమైనా ఉందా అక్కా, లేకపోతే మీ గీత కొట్టేద్దామా?" అని ఒక మాట. ఆమె ఫోను బోర్లా పెట్టింది.

పన్నెండూ పద్నాలుగుకు నీళ్ల ట్యాంకు వెనక, కొబ్బరి తలల పైన, ఒక చుక్క కనబడింది. అది గాలికి కొట్టుకుపోయే చుక్క కాదు. తిన్నగా, రెక్కలు గట్టిగా కొట్టుకుంటూ వచ్చే చుక్క.

"వచ్చింది!" అని మరగతం అరిచిన అరుపుకు అముద కింద వంటింట్లోంచి పరుగెత్తి తన మిద్దె మీదికి వచ్చింది. "నూటపదమూడే! రెక్క చూడు, ఎడమ రెక్కలో తెల్ల ఈక చూడు!"

సరిగ్గా అప్పుడే ఎదురు వీధి తీగ మీది కాకుల్లో ఒకదానికి వడ కనబడింది. అది లేచింది. ఒకటి లేస్తే మిగిలినవి కూచోవు. రెండు క్షణాల్లో పాతిక కాకులు నల్లని గోనెపట్టాలాగా మిద్దె మీద వాలాయి. అంబుజం ముఖం విప్పారింది. "వచ్చినాడు, మీ నాన్న వచ్చినాడు!"

పావురం గూటి దాకా వచ్చింది. గూటి ముందరి చెక్కమెట్టు మీద కాలు పెట్టబోయి, కాకుల్ని చూసి, గిర్రున పైకి తిరిగింది. రెండు కాకులు దాని వెంట పడ్డాయి. వెయ్యి కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పావురానికి కాకితో పోటీ పడే సత్తువ ఎక్కడిది? ఒక చుట్టు తిరిగి, ఇంకో చుట్టు తిరిగి, అముద మిద్దె మీది నీళ్ల ట్యాంకు పైన చతికిలబడింది. ముక్కు తెరుచుకుని రొప్పుతోంది.

అక్కడ కూచుంటే లాభం లేదు. దాని కాలికి రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. పట్టీ లోపల ఎవరికీ తెలియని నంబరు ఉంటుంది. పావురం చేతికి రావాలి, పట్టీ ఊడదియ్యాలి, ఆ నంబరు సంఘానికి పంపాలి. ఆ నంబరు చేరిన నిమిషమే పావురం చేరిన నిమిషం. ఇంటి మీద ఎగిరినా, పక్కింటి మీద కూచున్నా, లెక్కకు అది ఇంకా దారిలోనే ఉన్నట్టు.

మరగతం గింజల డబ్బా ఆడించింది. "దా, దా, దా... దామ్మా..." పావురం మెడ చాచింది. కదలలేదు. చూపంతా కాకుల మీదే. పన్నెండూ పదహారు.

"నేను పోయి పట్టుకుంటానక్కా," అంది అముద.

"వద్దు వద్దు! నిన్ను చూస్తే లేచి యాడికో పోతాది."

"కాకుల్ని తోలేద్దామా?" అని ఇరుసప్పన్ చేతికర్ర అందుకున్నాడు.

అందుకున్నవాడు అక్కడే ఆగిపోయాడు. తండ్రి పేరు చెప్పి గంట కిందటే సముద్రంలో నీళ్లు వదిలి వచ్చిన చెయ్యి. అదే చేత్తో కర్రెత్తి కాకిని కొట్టడమా? కర్ర కింద పెట్టాడు. పెళ్లాం వైపు చూడలేకపోయాడు. మరగతం కూడా కొట్టమని అనలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నెండూ పద్దెనిమిది. నూటపదిహేడున్నర కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి వచ్చింది ఈ పిచ్చితల్లి. మిగిలింది పదహారు అడుగులు.

"అంత దూరం నించి వచ్చింది, అత్తా," అంది. అత్తను నిందించినట్టు కాదు, ఎవరితోనో చెప్పుకున్నట్టు.

అంబుజం ట్యాంకు మీది పావురాన్ని మొదటిసారి తేరిపార చూసింది. అది రొప్పడం చూసింది. ఒక రెక్క కొంచెం జారి ఉండటం చూసింది.

"నాగపూర్ అంటే తిరపతికంటే దూరమా?" అని అడిగింది.

"ఐదారు తిరపతులు, అత్తా."

ముసలామె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. వేసిన ఆకు తియ్యకూడదు. అలా తీసిన వాళ్లను ఆమె ఎన్నడూ చూడలేదు. పెదవులు కదిలాయి. తర్వాత కళ్లు తెరిచి, కాకుల మధ్యకు నడిచి, పిట్టగోడ మీది ఆకును రెండు చేతులతో ఎత్తుకుంది. కాకులు కావుకావుమంటూ తల చుట్టూ లేచాయి.

"ఏమయ్యా," అంది, ఎదురుగా మనిషి ఉన్నట్టే. "నీకు నడిచే అలవాటే గదా. రా, ఆడ కూచుని తిందువు గాని. ఈడ మన ఇంటికి వేరే చుట్టం వచ్చిండాది. నువ్వు గూడు కట్టిచ్చినోడివి, నీకు తెలీనిదా?"

"అమ్మా, మెట్లు మెల్లిగా!" అని ఇరుసప్పన్ అరుస్తూనే ఉన్నాడు. ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పని ఒక్కో మెట్టూ లెక్కపెట్టి దిగే మనిషి ఆకు నెత్తికంత ఎత్తున పట్టుకుని దిగింది. వీధిలోకి వచ్చి, సందు చివర ఖాళీ జాగా వైపు నడిచింది. "కా... కా... రా అయ్యా, రా..." వడ వాసన వదలలేక కాకులు ఆమె వెంట సాగాయి. పక్క మిద్దెల మీది కాకులు కూడా ఇదేదో పెద్ద విందనుకుని కలిశాయి. నెరిసిన జుట్టు ముసలామె ముందు, పైన నల్లని గొడుగులాగా కాకుల మంద. వీధిలో ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి నోళ్లు తెరుచుకుని చూశారు.

మిద్దె ఖాళీ అయింది.

పన్నెండూ ఇరవై రెండు. మరగతం డబ్బా ఆడించింది. పావురం ఆ చివరా ఈ చివరా చూసింది. ఇరుసప్పన్ ఊపిరి బిగబట్టి గోడకు అతుక్కుపోయాడు. అముద రెండు చేతులతో నోరు మూసుకుంది.

"దామ్మా. ఇల్లు వచ్చేసింది. దా."

పావురం లేచింది. రెక్క రెండు సార్లు కొట్టింది, మూడోసారి కొట్టకుండా జారుకుంటూ వచ్చి గూటి మెట్టు మీద వాలింది. తల వంచి గూట్లో దూరింది. మరగతం చెయ్యి లోపలికి పెట్టి రొమ్ము కింద పట్టుకుంది. గుప్పెట్లో గుండె కొట్టుకోవడం తప్ప బరువే లేదు. వెళ్లినప్పటికంటే సగమైపోయింది. పట్టీ లాగబోతే చెమట చేతికి జారింది. మళ్లీ లాగింది. ఊడింది.

"చదువయ్యా! నా కళ్లు మసకలుగా ఉండాయి!"

"ఏడు... సున్నా... నాలుగు... నాలుగు... తొమ్మిది."

"మళ్లీ చదువు!"

"ఏడు సున్నా నాలుగు నాలుగు తొమ్మిది. పంపు, పంపు!"

పంపింది. ఫోను మీద టైము చూసింది. పన్నెండూ ఇరవై ఐదు.

పావురం లోపల నీళ్లు తాగుతున్న చప్పుడు వినబడింది. గుంపులో ఒక్కసారిగా చప్పట్ల బొమ్మలు ఆగిపోయాయి. ఐదు నిమిషాలు గడిచాక నటేశన్ ఫోను చేశాడు. మరగతం స్పీకరు పెట్టింది.

"అమ్మా మరగతం, నేను మూడు సార్లు వేశాను. కాలిక్యులేటరు మీద ఒకసారి, కాగితం మీద రెండు సార్లు. కలైయరసన్‌ది నిమిషానికి వెయ్యీ ఆరు మీటర్లు. నీది వెయ్యీ ఏడు, పైన పాయింటు ఏడు ఎనిమిది."

"అంటే అన్నా?"

"అంటే ఏమిటని నన్ను అడుగుతున్నావా? నీకు ముందే తెలుసు. ఫస్టు."

అముద కేక వేసింది. ఇరుసప్పన్ తడి పంచె సంగతి మరిచి మిద్దె మీద గంతేశాడు. ఇంతలో ఫోనులో ఇంకో గొంతు వచ్చింది. కలైయరసన్ కూడా సైదాపేటలో సెక్రటరీ పక్కనే ఉన్నాడు.

"నటేశన్ సార్, ఇదేం న్యాయం? నా పావురం రెండు గంటలు ముందొచ్చింది! స్నానం చేసి, గింజలు తిని, నిద్ర కూడా పోయింది!"

"నిద్ర పోనీ తమ్ముడూ, పాపం, అలిసిపోయి ఉంటాది," అంది మరగతం. "నాదైతే నీ ఇంటి దాకా వచ్చేసరికి ఇంకా నిద్ర రాలేదు. అందుకే ఇంకో నూటపదిహేడున్నర కిలోమీటర్లు ఎగిరింది."

అవతల ఎవరో గట్టిగా నవ్వారు. మొదట ఒక్కరు, తర్వాత చాలామంది. ఈసారి ఆ నవ్వు మరగతం కడుపులో మండలేదు. కొంచెం సేపటికి కలైయరసన్ కూడా నవ్వాడు. నవ్వక చేసేదేముంది, సంతకం పెట్టినవాడు.

"మినిట్సు పుస్తకం నా చేతిలోనే ఉంది," అన్నాడు నటేశన్. "వచ్చే ఏడు పట్టిక మీద నాగపూర్–పుదుచ్చేరి అని అచ్చు వేయిస్తాను. గెలిచిన పావురాలకు ఇచ్చే కాగితం మీద కూడా అదే పేరు."

"చెన్నై వాళ్ల కాగితాల మీద కూడానా అన్నా?"

"చెన్నై వాళ్ల కాగితాల మీద కూడా అమ్మా."

"ఇంకొకసారి చెప్పన్నా. మా ఆయన వినలేదు."

ఇరుసప్పన్ విన్నాడు. అయినా చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ విన్నాడు.

అంబుజం సందు చివర నించి చెమటతో, ఖాళీ ఆకుతో తిరిగి వచ్చింది. ఒక్క మెతుకు మిగలలేదు. కోడలు మెట్లు దిగి వాకిట్లోనే కాళ్లకు దండం పెట్టబోతే, "ఉండవే, చేతులు కడుక్కోనీ," అని విసుక్కుని, "గెలిచినావా?" అని అడిగింది.

"గెలిచినాము అత్తా," అని మరగతం నటేశన్ చెప్పిన లెక్కంతా అప్పజెప్పింది.

"తిన్నాడే ఆయన. ఎప్పుడూ ఒక కాకి, రెండు కాకులు. ఈ పొద్దు చూడాల నువ్వు! నలభై దాకా ఉండాయి. వాళ్ల నాన్న, వాళ్ల తాత, అందరినీ పిలుచుకొచ్చినాడేమో."

అప్పటికి వీధి ఆడవాళ్లందరూ వాకిట్లో చేరారు. సంగతేమిటని అడుగుతున్నారు. మరగతం చెప్పబోయింది. అంబుజం చెయ్యి అడ్డం పెట్టి అరుగు మీద కూచుంది.

"నేను చెప్తా వినండి. మద్రాసులో ఒకాయన ఉండాడు. ఆయన పావురం ముందే వచ్చేసింది. అయితే ఏం? ముందొస్తే ఫస్టా? ఆయన ఇల్లు దగ్గర! దగ్గిర ఇంటికి ఎవరైనా బిర్రున వస్తారు. మనది దూరం. నూటపదిహేడు... ఎంతే?"

"పదిహేడున్నర, అత్తా."

"నూటపదిహేడున్నర. దాన్ని నిమిషాలతో భాగించాల. భాగిస్తే మీటర్లు వస్తాయి. మీటర్లు ఎవరికెక్కువో వాళ్లు గెలిచినట్టు. మన బూడిదదానికి వెయ్యీ ఏడు. ఆయనకు ఆరు."

"ఆరేనా పెద్దమ్మా?" అంది ఒకామె ముక్కు మీద వేలేసుకుని. "ఆరు మీటర్లేనా పాపం?"

"ఆరే. ఒట్టి ఆరు," అంది అంబుజం తృప్తిగా.

మరగతం ఆ వెయ్యిని సరిచెయ్యలేదు. లోపలికి పోయి నాలుగు ఆకులు పరిచింది. అముదను కూడా పిలిచి కూచోబెట్టి, పాయసం గిన్నె ఆకుల మధ్యలో పెట్టింది.